కొత్తగూడేనికి బొగ్గు

ఇరవై ఎనిమిదేళ్లు బొగ్గు గనుల ప్రాంతంలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. ఎన్ని వేల జవాబు పత్రాలు దిద్దానో లెక్కలేదు. వాటిలో ఒక్క కాగితం మాత్రం ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

పదో తరగతి, క్వార్టర్లీ పరీక్ష. ప్రశ్నపత్రం నేనే తయారు చేశాను. చివర్లో ఐదు ఇంగ్లీషు జాతీయాలిచ్చి, అర్థం రాసి సొంత వాక్యంలో వాడమన్నాను. అందులో ఒకటి ‘టు క్యారీ కోల్స్ టు న్యూకాజిల్’. మాటకు మాట చెబితే, న్యూకాజిల్‌కు బొగ్గు మోసుకెళ్లడం. నేను బోర్డు మీద రాయించిన అర్థం, ‘ఒక వస్తువు పుష్కలంగా ఉన్నచోటికే దాన్ని తీసుకుపోవడం, వృథా శ్రమ’. మూడో బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి ఆ అర్థం రాయలేదు. వాళ్ల నాన్న బొగ్గుబాయిలో ఫిల్లర్. తట్టతో బొగ్గెత్తి టబ్బుల్లో నింపే పని. ఆ పిల్లవాడు తనకొచ్చిన ఇంగ్లీషులో ‘టేకింగ్ కోల్ టు కొత్తగూడెం’ అని రాశాడు. దాని కింద వాక్యం: ‘మా మేనమామ మా ఇంటికి బొగ్గు బస్తా తెచ్చాడు, మా అమ్మ నవ్వింది.’

నేను అడ్డంగా ఎర్రగీత కొట్టి సున్నా వేశాను. అంతటితో ఆగినా బాగుండేది. పేపర్లు ఇచ్చిన రోజు ఆ జవాబు తరగతిలో పైకి చదివాను. ‘న్యూకాజిల్ కొత్తగూడెం ఎప్పుడైందిరా?’ అన్నాను. నలభై మంది గొల్లుమన్నారు. వాడు లేచి నిలబడి, పేపరును నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచాడు. ఆ వేళ్ల కదలిక నాకింకా కనబడుతుంది. మర్నాటి నుంచి వాడు చివరి బెంచీకి వెళ్లిపోయాడు. ఆ ఏడాదంతా నా పీరియడ్‌లో నోరు విప్పలేదు.

ఆ రోజు నాకు తప్పు చేశానన్న ఊహ కూడా లేదు. క్రమశిక్షణ నేర్పాననే అనుకున్నాను. మనిషి తన తప్పును తప్పుగా చూడటానికి ఒక్కోసారి పాతికేళ్లు పడుతుంది. నాకు అంతే పట్టింది.

ఎందుకలా చేశానని ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ మూలం నా చదువు రోజుల్లో దొరుకుతోంది. నాది తెలుగు మీడియం. డిగ్రీలో చేరిన మొదటి నెలలో పక్కనున్న అమ్మాయి ఆపకుండా మాట్లాడుతుంటే, నాకొచ్చిన ఇంగ్లీషులో ‘డోంట్ ఈట్ మై హెడ్’ అన్నాను. నా తల తినొద్దు అనడం మనకు రోజూ ఉన్న మాటే కదా. ఆ మాట లెక్చరర్ చెవిన పడింది. ‘ఈ అమ్మాయి తలకాయను ఎవరో కూర వండుకుంటున్నారట, చూడండి’ అన్నారు. తరగతి మొత్తం పగలబడి నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఆదివారమే కోఠీకి వెళ్లి, ఫుట్‌పాత్ మీద పరిచిన పాత పుస్తకాల్లోంచి ఇంగ్లీషు జాతీయాల గైడు ఒకటి కొనుక్కున్నాను. ఎడమవైపు జాతీయం, కుడివైపు అర్థం. రోజుకు పది చొప్పున బట్టీ పట్టాను. ‘ఎ బోల్ట్ ఫ్రమ్ ది బ్లూ’, పిడుగులాంటి వార్త. ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’, అమావాస్యకో పున్నమికో. ‘టు బీట్ అబౌట్ ది బుష్’, డొంకతిరుగుడుగా మాట్లాడటం. ఎవరి ముందూ మళ్లీ తలదించుకోకూడదన్న పట్టుదల తప్ప, ఆ చదువులో వేరే రుచి లేదు.

టీచరునయ్యాక అదే గైడును, అదే రెండు గడుల పద్ధతిని, అదే భయాన్ని పిల్లలకు ఇచ్చాను. నన్ను చూసి నవ్విన నవ్వునే ఆ పిల్లవాడి మీదికి తిప్పాను. కోడరికం పడ్డ అత్త కోడల్ని పెట్టే ఆరళ్ల లాంటిదే ఇదీ. నాకు తగిలిన దెబ్బను మరొకరి వీపు మీద తీర్చుకుని, దానికి బోధన అని పేరు పెట్టుకున్నాను.

ఇంతకన్నా చెప్పడానికి కష్టమైన సంగతి ఒకటుంది. ఆ రోజు నాకు న్యూకాజిల్ ఎక్కడుందో తెలియదు. ఇంగ్లండులో ఏదో ఊరు అని మాత్రమే తెలుసు. బొగ్గును అక్కడికే ఎందుకు మోసుకెళ్లకూడదో నన్నెవరైనా అడిగితే నీళ్లు నమిలేదాన్ని. నాకు తెలిసింది కుడివైపు గడిలో ఉన్న అర్థం ఒక్కటే. ఆ పిల్లవాడికి మాత్రం ఆ మాట లోపలి సంగతి తెలుసు.

న్యూకాజిల్ ఇంగ్లండు ఈశాన్యాన టైన్ నది ఒడ్డునున్న ఊరు. మధ్యయుగాల నుంచి చుట్టుపక్కల గనుల బొగ్గు అక్కడి రేవులో ఓడలకెక్కి, తూర్పు తీరం వెంబడి లండన్ చేరేది. సముద్రం మీదుగా వచ్చేది కాబట్టి లండన్ జనం దాన్ని ‘సముద్రపు బొగ్గు’ అనేవారు. బొగ్గు అంటే ఆ ఊరు, ఆ ఊరంటే బొగ్గు. 17వ శతాబ్దం నాటికే అక్కడికి బొగ్గు మోయడమన్న మాట సామెతగా స్థిరపడింది.

ఇక మా వైపు సంగతి. 1870ల మొదట్లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో, సింగరేణి అనే పల్లె దగ్గర బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 నుంచి ఆ పల్లె పేరే కంపెనీ పేరయింది. ఆ కంపెనీ పెద్దాఫీసు కొత్తగూడెంలోనే ఉంది. నా తరగతిలో సగం మంది ఇళ్లలో పొద్దు పొడవడం, పొద్దు గూకడం అన్నీ షిఫ్టుల లెక్కనే. నాన్న మొదటి షిఫ్టా, రాత్రి షిఫ్టా అన్నదాన్ని బట్టి ఇంట్లో వంట, నిద్ర, మాటల చప్పుడు నడిచేవి. అలాంటి ఇంటి పిల్లవాడు ‘న్యూకాజిల్’ అన్న పేరు చూడగానే, అది తన ఊరి లాంటి ఊరేనని పట్టేసుకున్నాడు. నా గైడులో ఆ మాట ఎక్కడా లేదు. బొగ్గు బస్తా చూసి వాళ్లమ్మ నవ్విందన్న వాక్యంలో ఆ జాతీయం మొత్తం ఉంది. ఎందుకు నవ్విందో వాడు విడమరచి చెప్పలేదు. జాతీయం చేసే పనే అది. విడమరచకుండానే తెలియజేస్తుంది.

భాష తనంతట తాను చేసే పనినే ఆ పిల్లవాడు చేశాడని కూడా నాకు తర్వాతే తెలిసొచ్చింది. దొంగ ఏడుపును మనం ‘మొసలి కన్నీరు’ అంటాం. తినబోయే జీవిని చూసి మొసలి ఏడుస్తుందన్న కథ మధ్యయుగాల ఐరోపాలో బాగా చెప్పుకునేవారు. ఇంగ్లీషులో ఆ మాట శతాబ్దాలుగా ఉంది. తలకు మించిన ఖర్చు తెచ్చిపెట్టే పథకాన్ని మన పత్రికలు ‘తెల్ల ఏనుగు’ అంటాయి. సయాం రాజు తనకు గిట్టని వాడికి తెల్ల ఏనుగును బహుమతిగా ఇచ్చి, దాన్ని మేపలేక చితికిపోయేలా చేసేవాడన్న కథ ఆ మాట వెనక ఉంది. ‘బాల్చీ తన్నేశాడు’ అన్న మాటైతే మరీ విచిత్రం. చచ్చిపోయాడని చెప్పడానికి మన వీధుల్లో ఎంత ధారాళంగా వాడతారో అందరికీ తెలుసు. అది ఇంగ్లీషు ‘కిక్ ది బకెట్’కు అచ్చమైన తెలుగు. ఫ్రాన్సిస్ గ్రోస్ 1785లో వేసిన లండన్ వీధిమాటల నిఘంటువులో ఆ మాట అప్పటికే ఉంది. లండన్ వీధి నుంచి మన వీధికి వచ్చి, బకెట్ వదిలేసి బాల్చీ పట్టుకుంది. దాన్ని చూసి మనలో ఎవరమూ నవ్వలేదు. ఆ పిల్లవాడు న్యూకాజిల్‌ను తీసి కొత్తగూడెం పెడితే మాత్రం నేను నవ్వాను, నలభై మందిని నవ్వించాను.

అలాగని నోటికొచ్చినట్టు మాటకు మాట మార్చేస్తే జాతీయం బతుకుతుందని నేననను. నా ‘తల తినడం’ ఇంగ్లీషులో నిలబడలేదు. ఇంగ్లీషు వానలో కురిసే పిల్లులూ కుక్కలూ తెలుగులో నిలబడవు. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ దగ్గర ఒకసారి ఒక పాప అడిగింది, ‘వానలో పిల్లులెందుకు పడతాయి టీచర్?’ అని. ‘ఎందుకని అడగొద్దు, బట్టీ పట్టు’ అన్నాను. ఆ పాపకు నేను చెప్పాల్సింది చాలా తేలిక. ‘మనం కుండపోత అంటాం కదమ్మా, ఆకాశంలో కుండలున్నాయా? పెద్ద వానను చూసినప్పుడు మామూలు మాట చాలక మనం కుండను పిలుచుకున్నాం, వాళ్లు పిల్లుల్నీ కుక్కల్నీ పిలుచుకున్నారు’ అనుంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో పాపకు రెండు భాషలూ దగ్గరయ్యేవి. నేను రెండింటినీ దూరం చేశాను.

దగ్గర చేసే దారులు ఎన్ని ఉండేవో తలుచుకుంటే బాధగా ఉంటుంది. ‘బీట్ అబౌట్ ది బుష్’ వేటగాళ్ల మాట. పొదల మీద కర్రలతో కొడుతూ లోపలి పిట్టల్ని లేపడం వేట మొదట్లో చేసే పని. ఆ కొట్టడం దగ్గరే ఉండిపోయి అసలు పనిలోకి దిగనివాణ్ని ఆ మాటతో అంటారు. మన ‘డొంకతిరుగుడు’లోనూ డొంక ఉంది. నేను ఆ రెండు మాటల్నీ రెండు గడుల్లో పక్కపక్కనే పెట్టి ఏళ్ల తరబడి చెప్పాను. రెండింటి లోపలా పొద ఉందన్న సంగతి నాకే కనబడలేదు.

‘రీడ్ ది రయట్ యాక్ట్’ అంటే గట్టిగా మందలించడం అని రాయించేదాన్ని. 1715లో బ్రిటన్‌లో నిజంగానే ఆ చట్టం అమల్లోకి వచ్చింది. పన్నెండు మంది, అంతకు పైన జనం అల్లరిగా గుమిగూడితే, అధికారి వచ్చి ఆ చట్టంలోని ప్రకటనను పైకి చదివేవాడు. చదివాక గంటలోపు చెదిరిపోకపోతే ఘోరమైన నేరం. మా పిల్లలు సమ్మెల్లో పెరిగినవాళ్లు. నూట నలభై నాలుగో సెక్షన్ పెట్టారంటే ఏమిటో, పోలీసు మైకులో హెచ్చరిక ఎలా వినబడుతుందో నాకన్నా వాళ్లకే బాగా తెలుసు. ఆ ఒక్క పోలిక చెప్పుంటే ఆ జాతీయం వాళ్ల ఎముకల్లోకి దిగేది.

‘టర్న్ ఎ బ్లైండ్ ఐ’ అంటే చూసీ చూడనట్టు ఊరుకోవడం. 1801లో కోపెన్‌హాగన్ దగ్గర జరిగిన నౌకా యుద్ధంలో, వెనక్కి తగ్గమని పై అధికారి ఇచ్చిన జెండా సంకేతాన్ని, చూపు లేని కంటికి దుర్భిణి పెట్టుకుని చూసి, ‘నాకేమీ కనబడటం లేదు’ అన్నాడని బ్రిటిష్ నౌకాధికారి నెల్సన్ గురించి చెప్పుకుంటారు. చూపున్న కన్నుండగా చూపులేని కన్నును ముందుకు తేవడం ఆ మాటలోని అసలు సంగతి. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి నేను ఆగిపోతాను. నా ముందు తెలివైన జవాబు ఉంది, దాన్ని చదవగల కళ్లూ ఉన్నాయి. నేను గైడును అడ్డం పెట్టుకుని చూశాను.

ఎం. డబ్ల్యు. కార్ అనే ఇంగ్లీషు సైనికాధికారి మన ఊళ్లలో వాడే తెలుగు సామెతలను సేకరించి, ఇంగ్లీషులో వివరించి, 1868లో పుస్తకంగా అచ్చు వేయించాడు. ఎక్కడి నుంచో వచ్చినవాడికి మన నోటి మాటలు అంత విలువైనవిగా తోచాయి. ఈ నేల మీద పుట్టిన నేను, నా తరగతిలోకి తెలుగు పలుకుబడి అడుగు పెడితే దొంగను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. కొండవీటి చాంతాడు అంటాం. ఆ కొండ మీది బావుల లోతు చూసినవాళ్లు పెట్టిన పేరది. చిదంబర రహస్యం అంటాం, తిరుపతి క్షవరం అంటాం. ఊళ్ల పేర్లతో జాతీయాలు కట్టుకోవడం మనకు కొత్త కాదు. ఆ లెక్కన కొత్తగూడెం బొగ్గు ఏం తక్కువ?

రిటైరయ్యాక సాయంత్రాలు మా వీధి పిల్లలు నలుగురైదుగురికి ఊరికే పాఠాలు చెబుతున్నాను. ఒకరోజు ఒక పాప ‘కెనరీ ఇన్ ఎ కోల్ మైన్’ అన్న మాట తెచ్చింది. రాబోయే ముప్పును ముందుగా తెలియజేసే సూచన అన్న అర్థం నా నాలుక చివర సిద్ధంగా ఉంది. ఎందుకో ఆ రోజు ఆపుకున్నాను. ‘మీ నాన్న బాయిల మైనింగ్ సర్దార్ కదా, బాయిలో గ్యాసు ఉందో లేదో ఎట్ల తెలుస్తదో అడిగి, రేపు నాకు చెప్పు’ అన్నాను.

మర్నాడు ఆ పాప నోట్‌బుక్‌లో బొమ్మ గీసుకుని వచ్చింది. ఇత్తడి సేఫ్టీ ల్యాంపు, లోపల చిన్న మంట. మంటను బాగా తగ్గించి పట్టుకుంటే, మీథేన్ ఉన్నచోట దాని చుట్టూ నీలం టోపీ లాగా వెలుగు లేస్తుందట. ప్రాణవాయువు తక్కువైతే మంట చిన్నబోయి ఆరిపోతుందట. ‘దీపానికి దొరకని గ్యాసు ఇంకోటి ఉంటది, అది వాసన రాదు, కనబడదు, దానికే వాళ్లు పిట్టను పట్టుకపోయేటోళ్లని నాన్న చెప్పిండు టీచర్’ అంది. అది కార్బన్ మోనాక్సైడ్. 1890ల్లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త బ్రిటన్ గని ప్రమాదాలను పరిశీలించి, చిన్న ప్రాణులైతే ఆ విషవాయువుకు మనుషులకన్నా ముందు సొమ్మసిల్లుతాయి కాబట్టి వాటిని గనుల్లోకి తీసుకెళ్లమన్నాడు. 1986లో యంత్రాలు వాటి స్థానంలోకి వచ్చేదాకా కెనరీ పిట్టలు అక్కడి గనుల్లో పనిచేశాయి. పడిపోయిన పిట్టను బతికించడానికి చిన్న ఆక్సిజన్ సిలిండరు బిగించిన పంజరాలు కూడా ఉండేవి. ఇదంతా నేను చెబుతుంటే ఆ పాప ఒకటే అడిగింది, ‘పిట్ట బతికేదా టీచర్?’ అని. నా ఉద్యోగ జీవితంలో ఒక జాతీయం గురించి ఏ పిల్లా నన్ను అంత ఆత్రంగా అడగలేదు. అడిగే వీలు నేనే ఇవ్వలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మూడో బెంచీ పిల్లవాడు గుర్తొచ్చాడు. కాగితాన్ని మడిచిన వేళ్లు గుర్తొచ్చాయి.

కొన్నాళ్లకు కొత్తగూడెం బస్టాండులో వాడే నన్ను గుర్తుపట్టి పలకరించాడు. ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతున్నాడు. కణతల దగ్గర నెరిసిన వెంట్రుకలు, చేతిలో టిఫిన్ క్యారియర్. ‘నమస్తే టీచర్, గుర్తుపట్టిన్రా?’ అన్నాడు. నేను కుశలం కూడా అడక్కుండా ఆ జవాబు సంగతే ఎత్తాను.

‘యాదికుంది టీచర్’ అన్నాడు నెమ్మదిగా. ‘తప్పు రాసిన అనుకున్న. ఏం తప్పో మాత్రం మీరు చెప్పలే.’

‘నువ్వు రాసింది తప్పు గాదు బిడ్డా. నాకే తెల్వలే. నిన్ను అట్ల అనుడు నా తప్పు’ అన్నాను.

వాడు కాసేపు బస్సుల వైపు చూశాడు. కోపం లేదు ఆ ముఖంలో. ‘మంచిది టీచర్. ఈ ముచ్చట ఆ రోజే అందరి ముందట చెప్తే బాగుండు’ అన్నాడు. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు.

నిజమే. అవమానం నలభై మంది ముందు జరిగింది. క్షమాపణ బస్టాండులో ఒక్కడి చెవిలో చెప్పాను. ఆ నలభై మందిని ఇప్పుడు పోగుచేయలేను. అందుకే ఇది రాస్తున్నాను.

బ్రిటన్‌లో చివరి లోతైన బొగ్గు గని, యార్క్‌షైర్‌లోని కెలింగ్లీ, 2015 డిసెంబరులో మూతపడింది. 2024 సెప్టెంబరు 30న అక్కడి చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం కూడా ఆగిపోయింది. బొగ్గు పోయినా వాళ్ల భాషలో న్యూకాజిల్ మాట మిగిలే ఉంది. రేపు మా బాయిలూ మూతపడతాయి. అప్పుడు ఈ నేల మీద ఇంతమంది చేసిన పనికి గుర్తుగా ఏ మాట మిగలాలో, పదో తరగతి పిల్లవాడొకడు పరీక్ష పేపరులో ముందే రాసి ఇచ్చాడు. నేను దాన్ని కొట్టేశాను.

ఆ కాగితం మళ్లీ నా చేతికొస్తే మార్జిన్‌లో ఇలా రాస్తాను: ‘అర్థం సరిగ్గా పట్టుకున్నావు. ఇంగ్లీషువాళ్లు ఇక్కడ తమ న్యూకాజిల్ పేరు చెబుతారు, వాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ పేరు వాడు. మనవాళ్లతో మాట్లాడేటప్పుడు నీ మాటే బాగుంది. మీ అమ్మ నవ్విన వాక్యం చాలా నచ్చింది. రెండుకు రెండు.’